అద్దం వెనక కిటికీలు

నేను చేసిన ఉద్యోగానికి తెలుగులో సరైన పేరు లేదు. పెళ్లిచూపుల్లో మావాళ్లు ‘ఇంజనీరు’ అన్నారు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే నేను వంతెనలు కట్టలేదు, ఆనకట్టలు కట్టలేదు. ఆఫీసు భవనాల్లో కరెంటు, నీళ్లు, లిఫ్టు, ఏసీ సరిగా నడుస్తున్నాయో లేదో చూసేవాణ్ణి. అన్నీ సరిగా నడిచిన రోజున నేనున్నానన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. లిఫ్టు ఆగిన రోజున మాత్రం నా పేరు ఇంటిపేరుతో సహా అందరికీ గుర్తొచ్చేది.

ఇప్పుడు ఈ పనికి గిరాకీ వచ్చింది. భవనాల్లో కరెంటు వాడకం తగ్గించడం, కర్బన ఉద్గారాలు తగ్గించడం కాలేజీల్లో పాఠాలయ్యాయి. మా రోజుల్లో ఈ శాస్త్రమంతా ‘పోయేటప్పుడు లైట్లు ఆర్పండి’ అన్న ఒక్క వాక్యంలో ఉండేది. అదీ ఎవరూ పాటించేవారు కారు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు పరీక్షలకు చదివి చదివి విసిగిపోయిన మా మేనకోడలు ఈ మధ్యే ఇలాంటి ఉద్యోగంలో చేరింది. “మామయ్యా, ఏం చదువుకుని పోవాలె?” అని అడిగింది. పుస్తకాల పేర్లు చెప్పాను. చెప్పాక, వాటిలో లేనివి ఎక్కడ చదువుకుంటుందా అనిపించింది. అందుకే నేను చివరగా పనిచేసిన ఒక భవనం సంగతి రాస్తున్నాను.

కదలాలా, ఉండాలా

ఆ భవనం నారాయణగూడలో ఉంది. ఐదంతస్తులు. మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేసే ఒక సంస్థకు అది ప్రధాన కార్యాలయం. ఇప్పటి ఛైర్మన్ గారి తండ్రి కట్టించారు. ఫ్యాక్టరీ ఊరి బయట ఉండేది, ఆఫీసు మాత్రం ఇక్కడే.

ఒకనాడు విదేశాల్లో మా పెట్టెలు కొనేవాళ్ల నుంచి కబురు వచ్చింది. తమకు సరుకు అమ్మేవాళ్లు ఫ్యాక్టరీల్లోనే కాదు, ఆఫీసుల్లోనూ కర్బన ఉద్గారాలు తగ్గించి చూపాలట. లేకపోతే వేరే చోట కొనుక్కుంటారట. చాలా మర్యాదగా రాశారు. మనం వాడే కరెంటులో చాలా భాగం బొగ్గు కాలిస్తే వచ్చేది. నారాయణగూడలో ఏసీ బటన్ నొక్కితే ఎక్కడో గోదావరి ఒడ్డున పొగ లేస్తుంది. అంత దూరాన లేస్తుంది కాబట్టి మనకు దగ్గు రాదు.

మా జనరల్ మేనేజర్ శేషగిరిరావు గారి దగ్గర దీనికి విరుగుడు సిద్ధంగా ఉంది. ఊరికి పడమటి చివర కొత్త అద్దాల టవరొకటి లేచింది. ‘గ్రీన్ బిల్డింగ్’ అన్న సర్టిఫికెట్ గోడకు తగిలించి మరీ అద్దెకిస్తున్నారు. అందులో రెండంతస్తులు తీసుకుని ఆఫీసు మొత్తం అక్కడికి మార్చేద్దామన్నారు. పాత భవనంలోనే వాడకాన్ని మూడోవంతు తగ్గించవచ్చు, ప్రయత్నిద్దాం అన్నాను నేను.

ఛైర్మన్ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “ఒక్క ఎండకాలం టైమిస్తున్న. మూడోవంతు తగ్గితే ఉందాం. తగ్గకపోతే పోదాం” అన్నారు.

గోడలకు చెవులుంటాయో లేదో గానీ మా ఆఫీసు క్యాంటీన్‌కు ఉండేవి. ఆ సాయంత్రమే అకౌంట్స్‌లో పనిచేసే విజయలక్ష్మి నా గదికొచ్చింది.

“సార్, ఆఫీసు నిజంగనే అటు పోతదా?”

“ఇంకా ఏం తేలలేదమ్మా.”

“తేలకముందే జర చెప్పుండ్రి. పోతే నేను మానుడే.”

“ఎందుకట్ల? కంపెనీ బస్సు పెడుతుంది కదా.”

“బస్సు నాకుంటది సార్. పావనికి నేనుండ.”

పావని ఆమె కూతురు. పదకొండేళ్లు. మాటలు రావు. మా ఆఫీసు వెనక సందులోనే అలాంటి పిల్లల బడి ఉంది. మధ్యాహ్నానికి వదిలేస్తారు. విజయలక్ష్మి భోజనాల వేళ వెళ్లి పిల్లను తీసుకుని చిక్కడపల్లిలో ఇంటి దాకా నడిచి, పక్కింటావిడకు అప్పజెప్పి, తిరిగి వచ్చి సీట్లో కూర్చునేది. ఇంట్లో ఇంకో సంపాదన లేదు. భర్త ఏమయ్యాడో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు.

“ఆ పక్కింటావిడే బడికి పోయి తీసుకురాలేదా?” అన్నాను.

“రెండుసార్లు పోయింది సార్. గేటు కాడికెల్లి కదలలేదు పిల్ల. టీచరమ్మ బతిమాలినా రాలే. నేనొచ్చినంకనే చెయ్యిచ్చింది.”

అప్పటిదాకా మూడోవంతు అంటే నాకు యూనిట్ల లెక్క. ఆమె వెళ్లాక కాస్త బరువైంది.

ఆదివారం చూడాలి

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా మొదటి సలహా ఇది. భవనాన్ని సెలవు రోజున చూడండి. పనిరోజున మీటరు ఎందుకు తిరుగుతుందో ఎవరైనా చెబుతారు. ఆదివారం మధ్యాహ్నం ఎందుకు తిరుగుతుందో చెప్పగలిగితే మీకు సగం పని తెలిసినట్టే.

మా మీటరు ఆదివారం కూడా హుషారుగా తిరుగుతోంది. ఏసీ ఆపరేటర్ ఖలీల్ భాయ్‌ని వెంటబెట్టుకుని ఒక్కో అంతస్తూ ఎక్కాను. ఖలీల్ భాయ్‌కి ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉండేది. అందులో సగం నిజం, మిగతా సగం గట్టిగా చెప్పేవాడు. పై అంతస్తులో ఛైర్మన్ గారి గది తలుపు తీస్తే, మార్నింగ్ షోకు తలుపులు తీసిన సినిమా హాల్లోంచి వచ్చినట్టు చల్లగాలి ముఖాన కొట్టింది.

“ఖలీల్ భాయ్, సారు ఎక్కడున్నరు?”

“ముంబైల సార్. నిన్ననే పోయిండు.”

“మరి ఈ చలువ ఎవరికి?”

“అచానక్ వస్తే? గది గరం ఉంటే తిట్లు పడేది నాకు. పోయినసారి శేషగిరి సాబ్ ఏమన్నడు? ‘నన్ను తందూర్‌లో కూర్చోబెడతావా’ అన్నడు. అందరి ముందర!”

“ముంబై నుంచి అచానక్ ఎట్లొస్తరు?”

“పెద్దోళ్లు సార్. వాళ్లకు ఫ్లైట్లుంటయ్” అన్నాడు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు.

మేనేజర్ల గదులన్నిటికీ ఇదే పద్ధతి. సారు రాకముందు గది చల్లబడి ఉండాలి. సారు ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి గది ఎప్పుడూ చల్లబడే ఉండాలి. దీనికి ‘చల్లబెట్టుడు’ అని పేరు కూడా ఉంది. ఇది ఏ నియమావళిలోనూ లేదు. మన ఆఫీసుల్లో చలి ఒక హోదా. గది ఎంత చల్లగా ఉంటే లోపలున్నవాడు అంత పెద్దవాడు. కొందరి గదుల్లోకి వెళ్లి సంతకం పెట్టించుకునేసరికి నా వేళ్లు కొంకర్లు పోయేవి. వాళ్లు చాలా ఎదిగినవాళ్లు.

ఖాళీ గదుల్లో ఏసీలు వేయరాదని నోటీసు పెడితే సరిపోతుందని మొదట అనుకున్నాను, పెట్టాను. అందరూ చదివారు. మరుసటి ఆదివారం మీటరు ఎప్పటిలాగే తిరిగింది. ఖలీల్ భాయ్‌కి నోటీసంటే భయం లేదు, తిట్లంటే భయం. అందుకని ఛైర్మన్ గారు ఊళ్లోకి రాగానే అతన్ని ఆయన ముందు నిలబెట్టి, మీరే ఒక మాట చెప్పండి అన్నాను. “ఖలీల్, నేనొచ్చినంక వెయ్యి. జర సేపు చెమట పడితే సచ్చిపోను” అన్నారాయన. ఆ రోజుతో పై అంతస్తు ఆగింది. తిట్టేవాడి నోటితోనే ‘తిట్టను’ అనిపించాలి. దీనికి పరికరం ఏదీ ఇంకా కనిపెట్టలేదు.

శేషగిరిరావు గారు మాత్రం, “నా క్యాబిన్ సంగతి వేరు” అన్నారు. ప్రతి ఆఫీసులోనూ ఒక గది సంగతి వేరుగానే ఉంటుంది. దాన్ని వదిలేసి మిగతావాటి పని చూడండి.

ఈశాన్యంలో దేవుడు

మూడో అంతస్తులో అకౌంట్స్ విభాగం. ఎండాకాలంలో వెళ్లి చూస్తే సగంమంది స్వెటర్లలో ఉన్నారు. ఒకాయన మఫ్లర్ కట్టుకుని టోటళ్లు వేస్తున్నాడు. ముందువైపు తెరుచుకోని అద్దంలోంచి చూస్తే నారాయణగూడ చౌరస్తాలో జనం తల మీద తువ్వాళ్లు కప్పుకుని పోతున్నారు.

“లేడీసుకు సర్దీ ఎక్కువ సార్, అందుకే స్వెటర్లు” అన్నాడు ఖలీల్ భాయ్. మఫ్లర్ కట్టుకున్నాయన తల ఎత్తి చూశాడు.

ఆ అంతస్తు ఎంత వేడిగా ఉందో కనిపెట్టి ఏసీకి చెప్పే సెన్సార్ ఎక్కడుందని వెతికాను. ఈశాన్యం మూల గోడ మీద ఉంది. దాని కింద దేవుడి పటాల అర. అరలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెలిగే దీపం. పటాల చుట్టూ రంగు బల్బుల దండ. ఆ వేడంతా తిన్నగా పైనున్న సెన్సార్‌కే తగులుతోంది. పాపం అది తన ధర్మం ప్రకారం, అంతస్తంతా ఉడికిపోతోందని ఏసీకి కబురు పెడుతోంది. ఏసీ తన ధర్మం ప్రకారం మనుషుల్ని గడ్డ కట్టిస్తోంది. ఎన్నేళ్లుగానో ఇది నడుస్తోంది.

కారణం మీటింగులో చెప్పాను. చెప్పానా, ఆఫీసు మొత్తం దేవుణ్ణి ఎక్కడికి మార్చాలన్న చర్చలో పడింది. “ఈశాన్యం నుంచి కదిపితే ఎగుమతులు పడిపోతాయి” అన్నారు శేషగిరిరావు గారు. దీపం తీసి కరెంటు ప్రమిద పెడదామని ఒకరన్నారు. కరెంటు తగ్గించడానికే కదా ఈ గొడవంతా అని ఇంకొకరు గుర్తుచేశారు. వాస్తు చూసే ఆయన్ను పిలిపించారు. ఆయన దిక్సూచి పెట్టి చూసి, దేవుడు ఉండాల్సిన చోటే ఉన్నాడని, లిఫ్టే తప్పుడు చోట ఉందని తేల్చాడు.

కదపాల్సింది సెన్సార్‌నని నేను మొదటిరోజే అన్నాను. అప్పటికే చర్చ చాలా ఎత్తుకు వెళ్లిపోవడం వల్ల నా మాట ఎవరికీ అందలేదు. చివరికి ఒకరోజు ఖలీల్ భాయ్ దాన్ని విప్పి, హాలు మధ్య స్తంభానికి బిగించాడు. టీ వచ్చేలోపు అయిపోయింది. ఒకసారి గోడకు బిగించిన వస్తువు అక్కడే ఉండాలని మనకు ఎంత నమ్మకమంటే, దేవుణ్ణి కదపడానికి ముహూర్తం వెతుకుతాం గానీ స్క్రూడ్రైవర్ వెతకం.

ఆ వారంలోనే స్వెటర్లు కుర్చీల మీదికి వెళ్లాయి. విజయలక్ష్మి మెట్ల మీద ఎదురుపడింది.

“సార్, మూడోవంతు అయిందా?”

“ఇంకా కాలేదమ్మా. సగం దాకా వచ్చినం.”

“ఇంక దేవుళ్లేమన్న ఉన్నరా సార్ పక్కకు జరపనీకి?” అంది. నవ్వుతూనే అంది గానీ జవాబు కోసం ఆగింది.

టీ కొట్టు ముందర

మిగిలిన సగం ఎక్కడుందో నిజానికి నాకు తెలుసు. భవనానికి రెండు వైపుల నల్లటి అద్దం కప్పి ఉంది. కొన్నేళ్ల కిందట ఛైర్మన్ గారే వేయించారు. ‘మాదాపూర్ లెక్క ఉండాలె’ అన్నారట. పడమటి వైపు పాత కిటికీలను తీయడం దండగని కాంట్రాక్టరు వాటిని అలాగే ఉంచి, లోపల ప్లైవుడ్ కొట్టి, బయట అద్దం బిగించాడు. మధ్యాహ్నం ఎండకు అద్దానికీ గోడకూ మధ్య గాలి మరిగేది. ఆ వేడిని లోపలినుంచి ఏసీ తోడేది. వెలుతురు రాక పట్టపగలు లైట్లన్నీ వెలిగేవి. ఆ అద్దం తీసేయండని రెండుసార్లు అడిగాను. మొదటిసారి ఆయన నవ్వారు. రెండోసారి నవ్వలేదు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. మా జనరేటరుకు లిఫ్టునూ కంప్యూటర్లనూ నడిపే శక్తే ఉంది. కాసేపటికి అందరూ మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చారు. ఎదురుగా ఉన్న పాత భవనం కింద ఇరానీ చాయ్ కొట్టు, దాని సజ్జ నీడలో నిలబడ్డాం. ఛైర్మన్ గారు కూడా టై వదులు చేసుకుంటూ దిగొచ్చారు. ఖలీల్ భాయ్ ఆయన చేతికి చాయ్ ఇచ్చాడు. ఆయన మా తలల మీద ఉన్న అంతస్తుల వైపు చూశారు.

“వీళ్లకు గూడ కరెంట్ లేదు గదా. మరి వీళ్లెందుకు దిగలే?”

“కిటికీలు తెరుసుకున్నరు సార్” అన్నాను.

“మనకు లెవ్వా?”

“ఉన్నయి సార్. అద్దం వెనక ఉన్నయి. మీ నాయన పెట్టించిన టేకు కిటికీలు. పైన సజ్జలు గూడ అట్లనే ఉన్నయి.”

ఆయన చాయ్ చల్లారేదాకా మా భవనాన్నే చూశారు. “నేను లెక్కల పరీక్ష తప్పినప్పుడు మా నాయన నన్ను ఆ పడమటి కిటికీ కాడ్నే కూసోబెట్టి చదివిచ్చిండు. మంచి గాలొచ్చేది. మళ్ల తప్పిన గానీ, గాలి మాత్రం బాగుండేది.” గ్లాసు కింద పెట్టారు. “తీసెయ్యిండ్రి. పడమర పక్క తీసెయ్యిండ్రి. ముందట ఉండనీయ్, కస్టమర్లొస్తరు.”

“సార్, అలా అయితే పాత బిల్డింగులా కనిపిస్తుంది” అన్నారు శేషగిరిరావు గారు.

“పాతదే గద, శేషగిరి గారూ.”

నా లెక్కలు, నా గ్రాఫులు ఇన్నాళ్లూ చేయలేని పనిని ఒక ట్రాన్స్‌ఫార్మర్ చేసింది. ఇది కొత్తవాళ్లకు నిరుత్సాహం కలిగించవచ్చు. లెక్కలు సిద్ధంగా పెట్టుకుని ఉండండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడు కాలుతుందో చెప్పలేం.

లెక్కలోకి రానిది

పడమటి అద్దం, లోపలి ప్లైవుడ్ ఊడదీశాం. ఎండాకాలం ముగిసింది. వాడకం బాగా తగ్గింది. కానీ మూడోవంతుకు కాస్త తక్కువే తగ్గింది. పై అంతస్తులో ముగ్గురం కూర్చున్నాం. ఉన్నదున్నట్టు చెప్పాను.

“అనుకున్నది కాలేదు” అన్నారు శేషగిరిరావు గారు. “కొత్త టవర్లో యంత్రాలన్నీ కొత్తవి. అక్కడ మన వాడకం ఇంతకన్నా తక్కువ ఉంటుంది.”

ఆయన చెప్పింది నిజం. నేను ఆ టవరుకు వెళ్లి చూశాను. మంచి యంత్రాలు, చక్కగా పెట్టారు. అసూయపడ్డాను. ఎదుటివాడి మాట నిజమైనప్పుడు నిజమేనని ఒప్పుకోవాలి. తర్వాత మనం చెప్పేది కూడా వినడానికి అది పనికొస్తుంది.

“నిజమే” అన్నాను. “కాని మనవాళ్లు చాలామంది చిక్కడపల్లి నుంచి, బర్కత్‌పుర నుంచి నడిచొస్తరు. అంబర్‌పేట్ నుంచి సిటీ బస్సులో వస్తరు. రేపు అటు పోతే పొద్దున, సాయంత్రం కార్లు, బండ్లు, కంపెనీ బస్సులు. ఆ పొగ ఎవరి లెక్కల వేద్దాం?”

“అది వాళ్ల వ్యక్తిగతం. భవనం లెక్కలోకి రాదు.”

అదీ నిజమే. లెక్కల హద్దులు అలాగే గీశారు.

ఛైర్మన్ గారు లేచి పడమటి కిటికీ దగ్గరకు వెళ్లారు. కింద సందులోంచి విజయలక్ష్మి వస్తోంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో పావని చెయ్యి. గొడుగు మొత్తం పిల్ల మీదే ఉంది.

“ఎవరామె? మన ఆఫీసేనా?”

“అకౌంట్స్ విజయలక్ష్మి సార్. లంచ్‌ల బిడ్డను ఇంట్ల దింపి మళ్ల వస్తది.”

“రోజూనా?”

“రోజూ సార్.”

“అటు పోతే ఎట్ల మరి?”

“అటు పోతే మానేస్తది సార్. చెప్పింది.”

ఆయన వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి వచ్చి కూర్చున్నారు. “శేషగిరి గారూ, ఎగుమతుల సెక్షన్ తీసుకుని మీరు టవర్‌కు పోండ్రి. ఫారినోళ్లు వస్తే అక్కడ కూసోబెట్టుండ్రి. మిగిలినోళ్లు ఈడనే ఉంటరు.” నా వైపు తిరిగారు. “ఆ తక్కువ పడ్డది వచ్చే ఎండకాలం పూర్తి చెయ్యుండ్రి.”

ఆమెను చూసే ఆ మాట అన్నారా, టవరు కిరాయి తలుచుకున్నారా, సొంత కిటికీని వదులుకోలేకపోయారా, నాకు ఇప్పటికీ తెలియదు. దీంట్లోంచి పాఠం తీయకండి. శేషగిరిరావు గారికి సర్టిఫికెట్ ఉన్న గోడ దొరికింది, ఆయన అక్కడ సుఖంగా ఉన్నారు. గది కూడా మంచి చల్లగా ఉంటుందని విన్నాను.

విజయలక్ష్మి తిరిగొచ్చేసరికి నేను మెట్ల దగ్గరే ఉన్నాను. ఉంటున్నామని చెప్పాను. ఆమె గొడుగు మడవడానికి చాలాసేపు తీసుకుంది.

“అయితే ఒకటి అడగాల్నా సార్?”

“అడుగమ్మా.”

“పడమటి కిటికీ పక్కన సీటు ఇప్పియ్యుండ్రి. పొద్దుందాక టైం చూసుడే అయితది నాకు. లెక్కలు తప్పుతున్నయి.”

ఇప్పించాను. చలికాలం వచ్చి మూడో అంతస్తులో ఏసీ ఆపి కిటికీలు తెరిచాక గానీ ఆ సీటు ఎందుకడిగిందో నాకు తెలియలేదు. వెనక సందులోని బడిలో గంట కొడితే ఆ కిటికీలోంచి హాలంతా వినిపిస్తుంది. అద్దం ఉన్నన్నాళ్లూ అక్కడ గంట ఉందనే మాలో ఎవరికీ తెలియదు. గంట మోగగానే ఆమె కలం మూసి గొడుగు తీసుకుంటుంది. మఫ్లర్ ఆయన “పో అమ్మా, కొట్టిన్రు” అంటాడు. మిగతావాళ్లు అన్నం డబ్బాలు తెరుస్తారు.

నేను రిటైరయ్యే నాటికి ఆ హాల్లో గోడ గడియారం ఆగిపోయి చాలా రోజులైంది. బ్యాటరీ మార్పించమని నన్నెవరూ అడగలేదు.